తల్లికోడి రెక్క నుంచి ఇనుప జాలీ దాకా

మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం పల్లెలకు పడమర నల్లమల. అక్కడ పెరట్లో నాలుగు నాటుకోళ్లుంటే వాటి మీద కన్నేసేవి చాలానే ఉంటాయి. పైనుంచి గద్ద, పొదల్లోంచి ముంగిస, చీకటి పడ్డాక బావురుపిల్లి, నక్క. గుడ్ల కోసం పాము.

తెల్లవాళ్ల కాలంలో పులినో చిరుతనో చంపినవాడికి సర్కారు బహుమానం ఇచ్చేది. కోళ్ల కాపలా మాత్రం ఇంటి ఆడవాళ్ల మీదే పడింది. ఆ పనిలో వాళ్లకున్న నేర్పు చిన్నది కాదని నా గట్టి నమ్మకం.

పొద్దు వాలగానే నూకలు చల్లి పిలుస్తారు. పిల్లలకోడిని పిల్లలతో సహా వెదురు గంప కింద మూస్తారు. గంపకు గాలి ఆడుతుంది గానీ పిల్లి తోస్తే పక్కకు ఒరుగుతుంది, అందుకే పైన బరువైన రాయి పెడతారు. పెద్దకోళ్లకు అరుగు కింద గూడు. కోడి వంగి దూరేంత కంత, దానికి అడ్డంగా ఒక బండ. పలకల ఊరు మార్కాపురం చుట్టుపక్కల బండకు కరువేముంది!

పగటి కాపలా తల్లికోడిది. గద్ద నీడ పడితే ఒక అరుపు, నేల మీద పిల్లి కనబడితే మరో అరుపు. మొదటిదానికి పిల్లలు రెక్కల కిందికి దూరతాయి. ఇవాన్స్, మార్లర్ అనే పరిశోధకులు 1993లో పుంజుల అరుపుల్లో ఈ తేడాను ప్రయోగంతో చూపించారు. ఇంట్లో పని చేసుకుంటూనే ఆ అరుపు విని ఏం వచ్చిందో చెప్పే అవ్వలు మన పల్లెల్లో అంతకు ఎంతో ముందే ఉన్నారు.

1972 వన్యప్రాణి చట్టం వచ్చాక బావురుపిల్లికి ఉచ్చు పెట్టడం నేరమైంది. 1983లో నల్లమల పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. ఇక జంతువును చంపడం కాదు, గూటిని గట్టిపరచడమే దారి. అది మంచి మలుపే.

పెద్ద మార్పు ఇంక్యుబేటర్‌తో వచ్చింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తయారు చేసింది. రంగురంగుల ఈకలు, పొడవైన కాళ్లు ఇచ్చింది శత్రువు కంట పడకుండా, చిక్కకుండా ఉండేందుకు కూడా. కానీ ఇంక్యుబేటర్‌లో పుట్టిన ఆ పిల్లలకు తల్లి లేదు. ఐదారు వారాలు గదిలో వెచ్చగా పెంచాకే పెరట్లోకి వదలాలి. ఆ లోటు పూడ్చేది జాలీయే. అదీ సన్న కళ్లది కావాలి, అంచు అడుగు లోతున పాతాలి. లేకపోతే ముంగిస సందులోంచో, కుక్క తవ్వుకుంటూనో లోపలికొస్తుంది. గద్ద రాకుండా పైన చేపల వల పరిస్తే చాలు.

పొదగడానికి కూర్చున్న నాటుకోడి కింద ఈ కొత్త రకం గుడ్లు పెట్టే ఇళ్లూ ఉన్నాయి. అక్కడ పిల్లలకు జాలీతోపాటు తల్లీ దొరుకుతోంది.