పటాలం పిలుపు - పింఛను ప్రశ్న

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమేదైనా వ్రాసి యివ్వవలసిందిగా సంఘ కార్యదర్శిగారు కోరారు. ఏమి వ్రాయాలా అని ఆలోచిస్తూండగా, మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకొన్న దంపతుల కుమారుడు ఒక కరపత్రం పట్టుకొని వచ్చాడు. ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ఎవరో చేతిలో పెట్టారట. అగ్నివీర్ పరీక్షకు శిక్షణ ఇస్తామనీ, హాస్టలు వసతి కలదనీ అందులో ఉంది.

"సార్, మీరు పింఛన్ తీసుకుంటున్నరు గదా. దీంట్ల పింఛన్ ఉంటదా?" అని అడిగాడు.

లేదు నాయనా అని ఒక్క మాటలో చెప్పి పంపేయవచ్చును. కాని ఎందుకు లేదు, ఎప్పటి నుంచి లేదు, అసలు మన ప్రాంతపు పిల్లలకూ పటాలానికీ గల సంబంధం ఏనాటిది అని వెదికితే వ్యాసానికి సరిపడినంత విషయం దొరికింది. మిత్రులతో పంచుకొందామని ఈ ప్రయత్నం.

మనం ఉంటున్న ఎల్.బి.నగర్ పేరులోనే ఉన్నారు లాల్ బహదూర్ శాస్త్రిగారు. 1965 యుద్ధకాలంలో "జై జవాన్, జై కిసాన్" అన్న నినాదం దేశానికిచ్చిన ప్రధాని ఆయన. ఎల్.బి. అన్న రెండక్షరాలే వాడుకలో మిగలడంతో, ఆయన పేరు పెట్టుకొన్న ఊళ్ళో ఉంటున్నామన్న సంగతి మన మనుమలకు చెబితేనే గాని తెలియడం లేదు.

తిలంగాలు

18వ శతాబ్దంలో ఫ్రెంచివారూ, ఇంగ్లీషువారూ కోరమాండల్ తీరాన సిపాయి పటాలాలను తయారు చేసుకొన్నప్పుడు వాటిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో చేరారు. 1757 ప్లాసీ యుద్ధానికి క్లైవు వెంట మద్రాసు నుంచి వెళ్ళిన సిపాయిలను చూసి ఉత్తరాదివారు తిలంగాలన్నారు. క్రమంగా ఏ ప్రాంతపు సిపాయికైనా అదే పేరు స్థిరపడింది. 1857 నాటికి ఢిల్లీలో తిరుగుబాటు చేసిన అవధ్ సిపాయిలను సైతం ఢిల్లీ ప్రజలు తిలంగాలనే పిలిచారు. అంటే ఒకనాడు హిందూస్థానంలో సిపాయి అన్నమాటకు మన జాతి పేరే పర్యాయపదమన్నమాట.

తరువాత కథ మారింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా ఉండి, ఆపైన భారత సైన్యానికంతటికీ అధిపతియైన రాబర్ట్స్ దొర, దక్షిణాది వారు యుద్ధానికి పనికిరారని తీర్మానించాడు. కొన్ని జాతులే యుద్ధజాతులన్న ఆ వాదం వల్ల మద్రాసు పటాలాలు తగ్గించబడ్డాయి, తెలుగువారికి సైన్యంలో చోటు కరువయింది. మళ్ళీ ప్రపంచ యుద్ధాలు వచ్చి మనుషుల అవసరం పడితే గాని ఆ తలుపు తెరుచుకోలేదు. 1939లో రెండు లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలయింది. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ ఎంతమంది వెళ్ళారంటే, ఆ ఊరికి మిలిటరీ మాధవరమనే పేరు నిలిచిపోయింది.

మన నిజాం రాజ్యం సంగతి వేరు. సంస్థానపు హైదరాబాద్ లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్ళిన అశ్విక బ్రిగేడులో జోధ్‌పూర్, మైసూరు దళాలతో పాటు ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి అని చెప్పుకొనే మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవే. ఢిల్లీ చూడబోయే మిత్రులు ఆ మూడింటిలో మనవాడూ ఒకడున్నాడని గుర్తుంచుకోవాలని మనవి.

ఖాకీ నిక్కరు రోజులు

ఇక మా తరం కథ. నేషనల్ కేడెట్ కోర్ 1948లో ఏర్పడింది. 1962లో చైనాతో యుద్ధం తరువాత, 1963 నుంచి కాలేజీ విద్యార్థులకు ఎన్.సి.సి. నిర్బంధం చేశారు. ఇత్తడి బకిలు బ్రాసోతో తోమడం, గంజి పెట్టిన ఖాకీ నిక్కరు, పెరేడ్ అయ్యాక ఇచ్చే ఫలహారం కోసం ఎదురుచూడడం - డెబ్బయ్యయిదు దాటిన మిత్రులకు ఇవన్నీ జ్ఞాపకమే. 1968లో ఆ నిర్బంధం తొలగించారు. మరుసటి సంవత్సరం ఎన్.ఎస్.ఎస్. వచ్చింది. ఆ రోజుల్లో ఎన్.సి.సి.లో ఉన్నంతమాత్రాన సైన్యంలో చేరాలని మమ్మల్నెవరూ ఒత్తిడి చేయలేదు. మా క్లాసులో ఒక్కడే వెళ్ళాడు. వాళ్ళ నాన్నగారు ఆరు నెలలు అతనితో మాట్లాడలేదు.

చదువుకు సైన్యం డబ్బు పెట్టడమనేది మన దేశంలోనూ ఉన్నది. రక్షణ మంత్రి కృష్ణమీనన్‌గారి కాలంలో 1961లో సైనిక స్కూళ్ళు మొదలయ్యాయి. మరుసటి ఏడు విజయనగరం దగ్గర కోరుకొండలో ఒకటి వచ్చింది. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరినవానికి చదువు, భోజనం, బట్టలు, శిక్షణ అన్నీ ప్రభుత్వ ఖర్చే. చివరకు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం డిగ్రీ చేతికి వస్తుంది. పూనాలోని సైనిక వైద్య కళాశాలలో ట్యూషను ఫీజు లేదు, అయితే ఆ తరువాత సైన్యంలో వైద్యుడుగా పని చేస్తానని బాండు వ్రాయాలి. 2022లో ఆడపిల్లలు కూడా డిఫెన్స్ అకాడమీలో చేరారు. ఆ తొలి బ్యాచ్‌లో 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించుకొని బయటికి వచ్చారు.

అమెరికాలో ఎట్లా?

మన సంఘ సభ్యుల్లో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మా అమ్మాయి కొడుకు అక్కడ హైస్కూలు చదువుతున్నాడు. ఆ మధ్య ఫోనులో, "తాతయ్యా, యూనిఫాం వేసుకున్నాయన మా స్కూలుకు వచ్చి, ఆర్మీలో చేరితే కాలేజీ ఫీజు మేమే కడతామన్నాడు" అని చెబితే ఆశ్చర్యపోయాను.

అక్కడ 1973లో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయింది. అప్పటినుంచి ఇష్టపడి వచ్చేవారితోనే సైన్యం నడవాలి గనుక, నియామకాధికారులు పిల్లలున్న చోటికే వెళుతున్నారు. 2002 జనవరిలో అమలులోకి వచ్చిన విద్యాచట్టం ప్రకారం, ప్రభుత్వ నిధులు తీసుకొనే హైస్కూళ్ళు విద్యార్థుల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు అడిగితే సైన్యానికి ఇవ్వాలి. ఇవ్వవద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది. అది వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. మా అమ్మాయికి ఈ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. కాలేజీ ఫీజు మాటకూ ఆధారం లేకపోలేదు. రెండవ ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చే సైనికుల చదువు కోసం 1944లో రూజ్‌వెల్ట్ సంతకం చేసిన జి.ఐ. బిల్లు లక్షలాది మందిని కాలేజీలకు పంపింది. 2009 నుంచి అమలైన కొత్త పథకంలోనూ ఆ సదుపాయం కొనసాగింది.

మన దేశంలో సైన్యం ఇంటింటికీ ఫోను చేయనక్కరలేదు. ఒక్క ర్యాలీ ప్రకటిస్తే వేలాది మంది కుర్రవాళ్ళు రాత్రే వచ్చి మైదానం బయట పడుకొంటారు. ఇక్కడ ఫోను చేసేవారు, కరపత్రాలు పంచేవారు శిక్షణ కేంద్రాలవారు. పదవ తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడే మన ఇంటి నంబరు వారికి ఎట్లా తెలుస్తుందో ఆ దేవుడికే ఎరుక.

2022 జూన్

ఇప్పుడు పింఛను సంగతి. 2004 జనవరి 1 తరువాత చేరిన కేంద్ర ప్రభుత్వోద్యోగులకు పాత పింఛను పోయింది. మన రాష్ట్రంలో అదే సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి పోయింది. సాయుధ దళాలకు మాత్రం దాన్ని ఉంచారు. కాబట్టి పది పాసైన పేదింటి పిల్లవానికి, పదిహేనేళ్ళు పనిచేస్తే బ్రతికినంతకాలం పింఛను వచ్చే ఉద్యోగం సిపాయి ఉద్యోగమే అయింది. పల్లెల్లో తెల్లవారుజామున రోడ్ల మీద పరుగెత్తే పిల్లలకు దేశభక్తితో పాటు ఈ లెక్క కూడా తెలుసు.

కోవిడ్ కారణంగా 2020 నుంచి రెండేళ్ళు నియామకాలు ఆగాయి. దేహదారుఢ్య, వైద్య పరీక్షలు నెగ్గినవారు వ్రాతపరీక్ష కోసం ఎదురుచూస్తూండగా, 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ళ సేవ. వయస్సు పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి, ఆ ఒక్క ఏడాదికి ఇరవై మూడు. మొదటి ఏడు నెలకు 30,000 రూపాయలు. అందులో 30 శాతం నిధికి పోగా, ప్రభుత్వం అంతే కలుపుతుంది. నాలుగేళ్ళ తరువాత వడ్డీతో సుమారు 11.71 లక్షలు. నూటికి 25 మంది వరకు మాత్రమే కొనసాగుతారు. తక్కినవారికి పింఛను, గ్రాట్యుటీ, మాజీ సైనికుడి హోదా లేవు. పాత పరీక్ష రద్దయింది.

జూన్ 17న సికింద్రాబాద్ స్టేషనులో ఏం జరిగిందో అందరం టీవీలో చూశాం. రైలు పెట్టెలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా యువకుడొకడు మరణించాడు. ఎందరో కుర్రవాళ్ళు కేసుల్లో ఇరుక్కొన్నారు. ప్రభుత్వ ఆస్తి తగలబెట్టడాన్ని ఎవరూ సమర్థించరు. కాని అక్కడికి వచ్చినవారిలో ఎక్కువమంది పరుగు నెగ్గి, డాక్టరు పరీక్ష నెగ్గి, వ్రాతపరీక్ష తేదీ కోసం కళ్ళలో వత్తులు వేసుకొని కూర్చున్నవారు. పథకాన్ని ఢిల్లీ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో సమర్థించింది, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

మనం డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం జరుపుకొనేది 1982లో వచ్చిన నకారా తీర్పు జ్ఞాపకార్థం. పింఛను దయాదాక్షిణ్యం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆనాడు సుప్రీంకోర్టు చెప్పింది. నకారాగారు రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా రిటైరైనవారు. ఆయనతో పాటు కోర్టుకెక్కిన మరొకరు మాజీ సైనికుడు. ఈనాడు మనం అనుభవిస్తున్నది వారి పుణ్యమే. ఇవాళ సిపాయిగా చేరే పిల్లవాడు ఆ హక్కు లేకుండానే సంతకం చేస్తున్నాడు. ఈ తేడా వానికి తెలిసి సంతకం చేయాలి గాని, తెలియక కాదు.

ఆ కుర్రవాణ్ణి కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. సేవానిధి ఎంత, నాలుగేళ్ళ తరువాత వాని వయస్సెంత, అప్పుడు డిగ్రీ ఎట్లా పూర్తి చేస్తాడు, అన్నీ కాగితం మీద వేసి చూపించాను. సేవలో పొందిన శిక్షణకు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం డిగ్రీలో సగం క్రెడిట్లు ఇచ్చే ఏర్పాటు ఉన్నదనీ, ఇంటర్ పాసైనవాడు డిఫెన్స్ అకాడమీ పరీక్షకు కూడా దరఖాస్తు చేసుకోవచ్చుననీ చెప్పాను. దానికి ఫీజు నూరు రూపాయలే. ఈ రెండో సంగతి కరపత్రంలో లేదు.

వాళ్ళ అమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి అంతా విన్నది. "నాలుగేండ్లయినాక మల్ల ఈ బండి కాడికే వస్తడా సార్?" అని మాత్రం అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. పిల్లవాడు రెండు దరఖాస్తులూ పెట్టుకొంటానన్నాడు. పొద్దున్నే అయిదింటికి సరూర్‌నగర్ వైపు పరుగెత్తుతున్నాడు. సాయంత్రం లెక్కల పుస్తకం పట్టుకొని మా వరండాలో కూర్చుంటున్నాడు.

మిత్రులారా, మన కాలనీల్లో ఇటువంటి పిల్లలు వీధికి ఇద్దరు ముగ్గురుంటారు. సర్వీసు రూల్సు చదవడం, ఫారాలు నింపడం, షరతుల్లో చిన్న అక్షరాలు వెదకడం - ముప్పయ్యేళ్ళు మనం చేసిన పని అదే గదా. కరపత్రం పట్టుకొని వచ్చిన పిల్లవానికి ఒక సాయంత్రం కేటాయించండి. చేరమనీ, మానమనీ మనం చెప్పనక్కరలేదు. లెక్క వేసి చూపిస్తే చాలు, నిర్ణయం వాడే తీసుకొంటాడు.