గోడకెక్కిన గాజు

ఇంటిలోని గోడలన్నింటిలో ఎక్కువ శ్రమపడునది పొయ్యి వెనుక గోడ. నూనె చిట్లుట, ఆవిరి తగులుట, పసుపు మరకలంటుట నిత్యము దాని మీదనే. పూర్వము ఏటేట సున్నము కొట్టుకొని ఆ మసిని కప్పెడివారు. ఇటీవల మా యింటి వంటగది బాగుచేయించు సందర్భమున, టైళ్ల దుకాణములో గాజు టైళ్లు చూపిరి. లేత నీలిరంగువి, చెరువు నీటివలె లోతుగా మెరయుచున్నవి. వెంట వచ్చిన మా అమ్మగారు రెండే ప్రశ్నలు వేసిరి: "తాలింపు చిట్లితే తుడిస్తే పోతుందా? మంట సెగకి పగలదు కదా?" దుకాణదారు రెంటికిని "ఏమీ కాదమ్మా" అనెను. తరగతిలో భౌతికశాస్త్రము చెప్పువాడను గనుక ఆ సమాధానముతో ఊరుకొనలేకపోతిని. గాజును గోడకు అంటించుట రెండువేల యేండ్ల నాటి పని. దాని చరిత్రలో ఈ ప్రశ్నలకు జవాబు దొరకకపోదు.

రోమను రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్ర గ్రంథములో స్కారస్ అను అధికారి క్రీ. పూ. 58లో కట్టించిన నాటకశాలను వర్ణించినాడు. దాని రంగస్థలము వెనుక గోడకు క్రింది అంతస్తు చలువరాయి, నడిమి అంతస్తు గాజు, పై అంతస్తు బంగారు పూత పలకలు. అది కొద్దికాలము కొరకు కట్టిన ఆడంబరము మాత్రమే. తరువాత అగ్రిప్పా స్నానశాలలు కట్టించినప్పుడు పైకప్పుకు గాజు వాడలేదనియు, ఆ పద్ధతి అప్పటికింకను పుట్టలేదనియు, పుట్టియుండిన తప్పక వాడియుండుననియు ప్లినీయే వ్రాసెను. ఆ ప్లినీ క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము ప్రేలినప్పుడు మరణించెను. అదే ప్రేలుడులో కప్పబడిపోయిన హెర్క్యులేనియం పట్టణములో, ఒక యింటి భోజనశాల గోడమీద నెప్ట్యూన్, ఆంఫిట్రైటీ దేవతల బొమ్మలు గాజు ముక్కలతో కూర్చబడి యున్నవి. త్రవ్వకములలో బయటపడిన ఆ బొమ్మల రంగులు నేటికిని నిగనిగలాడుచునే యున్నవి.

ఆ ముక్కలు అంతకాలము ఎట్లు నిలిచినవి? అవి వ్రేలిగోరంత చిన్నవి. పచ్చిగా నున్న సున్నపు గచ్చులో వాటిని ఒక్కొక్కటిగా అదిమిరి. సున్నము గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకొని మెల్లగా రాయియై, ప్రతి ముక్కను నాలుగు ప్రక్కల నుండి పట్టుకొనెను. 6వ శతాబ్దిలో రావెన్నాలోను, కాన్‌స్టాంటినోపిలులోను కట్టిన చర్చీలలో బంగారు రేకును రెండు గాజు పొరల నడుమ పొదిగి, ఆ ముక్కలను కూడ ఇట్లే గచ్చులో కూర్చిరి. ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క వాలులో నుండుటచే దీపము కదలినప్పుడు గోడ యంతయు మినుకుమినుకుమనును.

ఈ పనికి ఓపిక కావలెను, డబ్బును కావలెను. 1875లో తెరవబడిన పారిస్ ఆపెరా భవనమునకు ఫక్కీనా అను ఇటలీ పనివాడు వేరొక దారి పట్టెను. ముక్కలను ముందుగనే కాగితముపై బోర్ల అంటించి, ఆ కాగితములను తెచ్చి తడిగచ్చుకు అదిమి, గచ్చు గట్టిపడిన పిదప కాగితమును తడిపి ఊడదీసెడివాడు. నేడు దుకాణములో చిన్న గాజు ముక్కలు చాపవలె కాగితముపైననో వలగుడ్డపైననో అతికి వచ్చుచున్నవి గదా, వాటికి మూలము ఇదియే.

వంటగదికి గాజు వచ్చినది మాత్రము 20వ శతాబ్దములో. 1900 ప్రాంతమున అమెరికాలో చలువరాతికి బదులుగా రంగుగాజు పలకలు తయారుచేయసాగిరి. కరారా గాజు, విట్రోలైటు వాటి వ్యాపారనామములు. చలువరాయి మరకలు పీల్చును. గాజు పీల్చదు, వాసన పట్టదు. కనుక న్యూయార్కులోని వుల్‌వర్త్ భవనపు శౌచాలయములకు, తరువాత ఇండ్లలో స్నానపు గదులకు, వంటగదులకు, పిమ్మట దుకాణముల ముఖద్వారములకు అది వ్యాపించినది. ఇవి పెద్ద పలకలు. గచ్చులో పొదుగుటకు వీలులేదు. వీటిని తారు వంటి జిగురు ముద్దలతో గోడకు అంటించిరి. గాజుకు ఏమియు కాలేదు. ముప్పది, నలువది యేండ్లకు జిగురు ఎండి బిరుసెక్కి పట్టు వదలినది. రంగు చెడకుండనే పలకలు జారిపడసాగినవి.

ఇందులో భౌతికశాస్త్రము కొంత కలదు. సాధారణ గాజు ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి తన పొడవులో పదిలక్షలలో సుమారు 9 వంతులు సాగును. పొయ్యి సెగకు 30 సెంటీమీటర్ల టైలు 50 డిగ్రీలు వేడెక్కినచో 0.135 మిల్లీమీటరు పెరుగును. వెనుక గోడ చల్లగనే యుండును గనుక ఆ తేడా అంతయు జిగురు పైననే పడును. రెండున్నర సెంటీమీటర్ల ముక్కయైనచో పెరుగుదల అందులో పండ్రెండవ వంతు మాత్రమే. హెర్క్యులేనియం ముక్కలు చిన్నవగుట వాటికెంత మేలు చేసినదో దీనివలన తెలియును. పైగా గాజుకు రంధ్రములు లేవు. మట్టి టైలు వెనుకభాగపు రంధ్రములలోనికి సిమెంటు చొచ్చుకొని పట్టుకొనును. నున్నని గాజు వెనుక దానికి పట్టు చిక్కదు.

ఇచట మన హైదరాబాదులోని బాద్‌షాహీ అషూర్‌ఖానా గుర్తుకు వచ్చును. 16వ శతాబ్ది చివర కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ మందిరపు గోడలు మెరుగు పలకలతో వెలుగుచుండును. ఆ మెరుగు ఏమనుకొన్నారు? గాజే. మట్టిపలకపై కరగించి పోసిన పలుచని గాజుపొర. ముందు గాజు, వెనుక గచ్చు పట్టుకొనగల మట్టి! నాలుగు వందల యేండ్లు ఆ పలకలు నిలిచినవి. 1908 మూసీ వరదలలో మాత్రము క్రింది భాగపు పలకలు చెడిపోగా, వాటి స్థానమున అదే నమూనాను రంగులతో చిత్రించిరి. నేటి మామూలు మెరుగు టైలు ఈ పలకలకు బంధువే.

ఇక అమ్మగారి రెండవ ప్రశ్న. పెద్ద గిన్నెను గోడవైపు జరిపినప్పుడు మంట నాలుక గోడను తాకును. గాజు వేడిని త్వరగా ప్రక్కలకు పోనీయదు. కాగిన చోటు సాగును, చల్లని అంచులు సాగవు. లాగుడంతయు అంచుల మీద పడును. గాజు పగులుట ఎప్పుడును కంటికి కనపడని చిన్న బీటనుండియే మొదలగునని 1921లో గ్రిఫిత్ అను ఇంగ్లీషు ఇంజనీరు లెక్కకట్టి చూపెను. విద్యుత్తు స్విచ్చుల కొరకు టైలును కోసిన మూలలలో అటువంటి బీటలు ఎన్నో యుండును. 1874లో ఫ్రాన్సు దేశస్థుడు బాస్టీ ఎర్రగా కాల్చిన గాజును నూనెలో ముంచి గట్టిపరచు పద్ధతి కనుగొనెను. నేటి టెంపర్డు గాజునకు ఆదిపురుషుడదియే. అది సెగకు చక్కగా ఆగును, కాని ఒకసారి గట్టిపరచిన పిదప కోయుటకు వీలులేదు; కోసిన అంతయు పొడియగును. కొలతలన్నియు ముందే తేలవలెను. మా యింటిలో స్విచ్చులబోర్డు ఎక్కడ నుండునో మేస్త్రీకే తెలియదు.

అట్లయిన చిన్న గాజు ముక్కలే మేలు గదా యనవచ్చును. విద్యార్థులు ఈ లెక్క వేసి చూడవచ్చును. రెండున్నర సెంటీమీటర్ల ముక్కలు 2 మిల్లీమీటర్ల సందుతో అమర్చినచో, చదరపు మీటరు గోడలో సందుల మొత్తము పొడవు సుమారు 74 మీటర్లు. 30 సెంటీమీటర్ల టైళ్లయినచో ఆరున్నర మీటర్లకు కొంచెమే ఎక్కువ. నూనె గాజుకు అంటదు. ఆ సందులలోని సిమెంటుకు అంటును. రోమనుల భోజనశాలలో తాలింపు పెట్టువారు లేరు! సెగకు మేలైనది తుడుపుకు చెరుపు. తుడుపుకు మేలైనది సెగకు చెరుపు.

ఈ లెక్కను కాగితము మీద వేసి అమ్మగారికి చూపితిని. "డెబ్బైనాలుగు మీటర్లు ఎవరు తోముతారు నాయనా?" అని ఆమె కాగితము మడిచివేసిరి. పొయ్యి వెనుక 30 సెంటీమీటర్ల మెరుగు టైళ్లు వేయించుటకు నిశ్చయించితిమి. ఆ నీలి గాజును మాత్రము ఆమె వదలలేదు. సెగ తగలని చోట, గిన్నెలు కడుగు తొట్టి పైన కిటికీ క్రింద, ఒక్క వరుస వేయుచున్నాము. గాజు పారదర్శకము గనుక వెనుక జిగురు బూడిదరంగుదైనచో నీలము మసకబారును. అందుకని తెల్లనిది, కొంచెము సాగు గుణము గలది తెమ్మని మేస్త్రీకి చెప్పియున్నాను. ఆయన ఇంకను తేలేదు.