రిమోట్ కారు ట్రాన్స్‌మిటర్: మరమ్మతు, మార్పిడి

పాత రిమోట్ కారు మొరాయిస్తే ముందు చూడాల్సింది ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ గూడునే. సెల్ కారి స్ప్రింగుకు పట్టిన చిలుమును వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి ఆరబెడితే చాలాసార్లు ప్రాణం లేచివస్తుంది. చక్రాలు వాటంతటవే వణుకుతుంటే అరిగిన స్టీరింగ్ పొటెన్షియోమీటర్‌ను అనుమానించాలి.

27 మెగాహెర్ట్జ్ సెట్లలో పెత్తనమంతా పౌనఃపున్యాన్ని నిర్ణయించే క్రిస్టల్‌దే. 26.995 నుంచి 27.255 వరకు ఆరు ప్రధాన చానళ్లు, ఒక్కోదానికి ఒక రంగు. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ క్రిస్టళ్లకు సాధారణంగా 455 కిలోహెర్ట్జ్ తేడా ఉంటుంది. వాటిని తారుమారు చేయకూడదు. ఒకే రంగువి రెండు కార్లు మైదానంలో దిగితే ఒకరి మీట మరొకరి కారును గోడకు కొట్టిస్తుంది.

2.4 గిగాహెర్ట్జ్ ఈ తగవు తీర్చింది.

అయితే దానికి మారాలంటే ట్రాన్స్‌మిటర్‌తో పాటు రిసీవర్‌నూ మార్చి, రెండింటినీ బైండ్ చేయాలి, అంటే ఒకదానితో ఒకటి జతపరచాలి. సర్వో, స్పీడ్ కంట్రోలర్ విడిగా ఉంటే పాతవే పనికొస్తాయి. అన్నీ ఒకే బోర్డు మీదుండే చవక బొమ్మకు ఈ ఖర్చు దండగ.