పొయ్యిలోంచి వచ్చిన ఫోకస్

పాతరకం టార్చిలైటు తల తిప్పితే వెలుగు ఒకసారి సన్నగా దూరం పోతుంది, ఇంకోసారి దగ్గర్లోనే పరుచుకుంటుంది. ఆ తిప్పడాన్నే ‘ఫోకస్ సరిచెయ్యడం’ అంటారు.

లాటిన్‌లో ఫోకస్ అంటే ఇంట్లో నిప్పుండే పొయ్యి. నిప్పుకు ఇటాలియన్‌లో వాడే ‘ఫువోకో’ అందులోంచే పుట్టింది. 1604లో ఖగోళవేత్త కెప్లర్ కాంతిశాస్త్ర గ్రంథంలో ఈ మాటను గణితానికి తెచ్చాడు. చక్కని ఎంపిక! భూతద్దం కింద కాగితం అంటుకునేది కిరణాలన్నీ చేరే బిందువు దగ్గరే కదా. జర్మన్‌లో దాన్ని ‘మండే బిందువు’ అనే అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో మాత్రం ‘నాభి’.

టార్చిలో ఇది తిరగబడుతుంది. బయటి కిరణాలు నాభికి చేరడం కాదు, నాభిలోని వెలుగు బయటికి పోవాలి. పరావలయ ఆకారపు రిఫ్లెక్టర్‌లో ఫిలమెంటు సరిగ్గా నాభిలో ఉంటే కిరణాలు దాదాపు సమాంతరంగా వెళ్తాయి. కాస్త ముందుకో వెనక్కో జరిగితే చెదిరిపోతాయి.

కార్ల హెడ్‌లైట్లలోనూ ఇదే కిటుకు. వాటిలో వాడే హెచ్4 రకం బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. దూరం చూపేది నాభి దగ్గర ఉంటుంది. డిమ్‌కి వాడేది నాభికి కొంచెం ముందు ఉంటుంది, దాని కింద చిన్న లోహపు కవచం. ఎదుటి డ్రైవరు కళ్లను కాపాడేది ఆ కొద్దిపాటి జరుగుడూ ఆ కవచమూ. అందుకే బల్బు వంకరగా బిగిస్తే ఆ అమరికంతా చెడుతుంది.