సింగరేణి కార్మిక సంఘాలు – వాతావరణ మార్పు

సింగరేణి బొగ్గు బెల్టులో, అందులోనూ రామగుండం–గోదావరిఖని ప్రాంతంలో, వాతావరణ మార్పు పేరు పెట్టుకుని జరిగిన పెద్ద సమ్మె ఏదీ లేదు. బొగ్గు ఎవరు తవ్వాలి, ఎలా తవ్వాలి, బాయి (గని) మూతపడితే కార్మికుడు ఎటు పోవాలి అన్న విషయాల మీద మాత్రం సంఘాలు దశాబ్దాలుగా కొట్లాడుతూనే ఉన్నాయి. వాతావరణ విధానం ఈ బెల్టుకు చేరింది ఆ కొట్లాట మధ్యకే. సంఘాల స్పందనను అక్కడి నుంచే అర్థం చేసుకోవాలి.

1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. గోదావరి ఒడ్డున 1960లలో గనులు తెరుచుకున్నాక పల్లెల నుంచి బతకడానికి వచ్చినవాళ్లతో గోదావరిఖని పట్టణమైంది. నిజాం కాలం నుంచి ఏఐటీయూసీ కార్మిక సంఘం సింగరేణిలో ఉంది. తర్వాత ఐఎన్‌టీయూసీ, హెచ్‌ఎంఎస్, సీఐటీయూ, బీఎంఎస్, ఐఎఫ్‌టీయూ వచ్చాయి. 1981లో 56 రోజుల సమ్మె నడిచింది, సింగరేణి కార్మిక సమాఖ్య అంటే సికాస పుట్టింది ఆ కాలంలోనే. 2011లో తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బాయిలు ఆగిపోతే రాష్ట్రమంతా కరెంటు కోతలు పడ్డాయి. బొగ్గు ఆపితే సర్కారు కదులుతుందన్నది ఇక్కడి సంఘాలకు అనుభవంలో ఉన్న బలం. బొగ్గుకే భవిష్యత్తు లేదనే మాట ఆ బలాన్నే ప్రశ్నిస్తుంది.

పర్యావరణం మీద తొలి గొడవ నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు (ఓసీ) గనులతో వచ్చింది. సింగరేణిలో ఓపెన్‌కాస్టు తవ్వకం 1970ల మధ్యలో రామగుండంలోనే మొదలైంది. భూగర్భ గనికి మనుషులు కావాలి, ఓసీకి డంపర్లు, షావెళ్లు చాలు. బ్లాస్టింగ్ వేళ ఇళ్ల గోడలు అదిరి పగుళ్లు బారడం, బావుల్లో నీళ్లు అడుగంటడం, బొగ్గు మీది నుంచి తీసిపోసిన ఓబీ మట్టి గుట్టలై ఊళ్ల పక్కన లేవడం జనం కళ్లముందు జరిగాయి. కొత్త ఓసీలు వద్దు, భూగర్భ గనులు తెరవండి అని సంఘాలు అడిగినప్పుడు అందులో ఉద్యోగమూ ఊరూ రెండూ ఉన్నాయి. నా దృష్టిలో సింగరేణి కార్మికోద్యమంలో పర్యావరణ ఆలోచనకు అసలు మూలం ఇదే. అంకెలు కూడా కొలువులు పోతాయన్న భయాన్నే నిజం చేశాయి. 1990–91లో 2 కోట్ల టన్నుల లోపు ఉన్న ఉత్పత్తి 2023–24లో 7 కోట్ల టన్నులకు చేరింది. అదే కాలంలో లక్షకు పైగా ఉన్న పర్మినెంటు కార్మికులు 40 వేలకు చేరువయ్యారు. కొలువులు పోవడానికి వాతావరణ ఒప్పందాలు కారణం కాదు, అవి రాకముందే పోవడం మొదలైంది.

మూత అంటే ఏమిటో గోదావరిఖనికి ఇంకో దారిలోనూ తెలుసు. రామగుండంలో బొగ్గుతో యూరియా చేసే ఎరువుల కర్మాగారం, జనం నోట్లో ఎఫ్‌సీఐ, 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. రెండు దశాబ్దాల తర్వాత, 2021లో, అదే చోట గ్యాసుతో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్ ఎరువుల కర్మాగారం వచ్చింది. ఒక ఇంధనం పోయి ఇంకొకటి వచ్చేసరికి పాత కార్మికుడి జీవితం అయిపోయింది. ఈ మార్పులో కార్మికులకు న్యాయం జరగాలన్న మాట 2015 పారిస్ ఒప్పందం పీఠికలో ఉంది. 2021 నవంబర్‌లో గ్లాస్గోలో భారత్ 2070 నాటికి నికర సున్నా ఉద్గారాలు సాధిస్తామని ప్రకటించింది. ఈ మాటల్ని గోదావరిఖని కార్మికుడు ఎఫ్‌సీఐ గేటును గుర్తుపెట్టుకునే వింటాడు.

గ్లాస్గో ప్రకటన వచ్చిన నెల రోజులకే సింగరేణిలో సమ్మె జరిగింది, కానీ అది వేలం మీద. కోయగూడెం ఓసీ–3, సత్తుపల్లి ఓసీ–3, శ్రావణపల్లి, కళ్యాణిఖని–6 బ్లాకులను కేంద్రం వేలానికి పెట్టినందుకు 2021 డిసెంబర్ 9 నుంచి 11 వరకు అన్ని సంఘాలూ కలిసి బాయిలు ఆపాయి. వాణిజ్య తవ్వకాలకు వ్యతిరేకంగా 2020 జులైలో దేశవ్యాప్తంగా జరిగిన మూడు రోజుల సమ్మెలోనూ సింగరేణి నిలిచింది. మస్టర్ (హాజరు) పడ్డాక గేట్ మీటింగులో నాయకుడు అడిగేది ఒకటే: బొగ్గు తగ్గించాలని ప్రపంచానికి చెప్పే సర్కారు ప్రైవేటుకు కొత్త గనులు ఎందుకు ఇస్తోంది? ఈ ప్రశ్నకు ఇంతవరకు సూటి జవాబు రాలేదు. అదే సమయంలో ఆ బ్లాకులను వేలం లేకుండా సింగరేణికే ఇవ్వాలని సంఘాలు అడుగుతాయి. అంటే తవ్వకం ఆగాలని కాదు, ప్రభుత్వ చేతుల్లో సాగాలని. వాతావరణ కోణంలో చూస్తే ఇది సంఘాల వాదనలో నిజమైన ఇరకాటం, దాన్ని దాచనక్కర లేదు.

ఈలోగా చుట్టూ మార్పు నడుస్తోంది. రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు 2022లో పూర్తిగా పనిలోకి వచ్చింది. సింగరేణి కూడా సొంతంగా సోలార్ ప్లాంట్లు కట్టింది, మేడిపల్లి ఓసీ గొయ్యిలో పంప్డ్ స్టోరేజి విద్యుత్ కేంద్రాన్ని ప్రతిపాదించింది. 1971 నాటి 62.5 మెగావాట్ల రామగుండం–బి థర్మల్ కేంద్రం 2024లో ఆగిపోయింది, దాని స్థానంలో 800 మెగావాట్ల కొత్త థర్మల్ ప్లాంటు కావాలన్న డిమాండ్ వచ్చింది. పలకలు బిగించడం అయిపోయాక సోలార్ ప్లాంటుకు కావలసిన మనుషులు కొద్దిమందే, ఒక భూగర్భ గని మూడు షిఫ్టుల్లో వందల మందికి అన్నం పెడుతుంది. ఈ తేడాను పూడ్చే ప్రణాళిక లేకుండా సోలార్‌ను స్వాగతించమనడం అన్యాయం.

ఎండ మాత్రం ప్రణాళికల కోసం ఆగలేదు. రామగుండం రాష్ట్రంలోని మండే ఊళ్లలో ఒకటి. మే నెలలో ఓసీ అడుగున బండరాయి, బొగ్గు పొర రెండూ కాగిపోతాయి. అక్కడ పనిచేసేవాళ్లకు మజ్జిగ ప్యాకెట్లు, నీడ, షిఫ్టు వేళల మార్పు బేరసారాల అంశాలే. వేడికి ఎక్కువగా గురయ్యేది ఓబీ పనుల్లోని కాంట్రాక్టు కార్మికులు. వేతనాల కోసం సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబర్‌లో సమ్మె చేశారు. 2024లో కంపెనీ లాభాల నుంచి తొలిసారి ఒక్కొక్కరికి 5,000 రూపాయలు అందాయి. 2023 డిసెంబర్ 27న జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఏఐటీయూసీ 1,999 ఓట్ల తేడాతో ఐఎన్‌టీయూసీపై గెలిచింది. ఆ ఎన్నికల్లో కాంట్రాక్టు కార్మికులకు ఓటు లేదు. గనులు మూసే రోజున ముందు పని పోయేది వాళ్లకే.