మోటారు బండి దాహము

1888వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను ఇల్లాలు, భర్తతో చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, ఆయన నిర్మించిన మూడు చక్రముల మోటారు బండిలో మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ నగరమునకు పయనమైనది. దూరము నూరు కిలోమీటర్లకు కొంచెము మించును. ఇంధనము దారిలో ఒక మందుల దుకాణమున దొరికినది. నీటికొరకు మాత్రము ఆమె మాటిమాటికి ఆగవలసి వచ్చెను. ఆ యంత్రమును చల్లార్చు నీరు ఆవిరియై పోవుచుండెడిది. పోయినంత మరల పోయవలెను. మోటారు చరిత్రలో మొదటి దూరప్రయాణము ఈ విధముగా నీటిని వెదకుకొనుచు సాగినది.

ఇంజను వేడెక్కుట అను జబ్బు అంత పాతది. మండిన పెట్రోలు వేడిలో సుమారు మూడవవంతు మాత్రమే బండిని నడుపును; మిగిలినదానిలో కొంత పొగగొట్టమున పోగా, కొంత యంత్రపు గోడలలో నిలుచును. దానిని నీరు మోసికొనిపోయి గాలికి అప్పగింపవలెను. 1901లో వెలువడిన మెర్సిడెస్ బండికి విల్‌హెల్మ్ మేబాఖ్ తేనెపట్టు వంటి రేడియేటరును అమర్చి, ఎనిమిదివేల పైచిలుకు సన్నని గొట్టముల నడుమ గాలి దూరిపోవునట్లు చేసెను. 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు టి బండిలో, తొలి రెండున్నర వేలు తప్ప, నీటిపంపు లేనేలేదు. కాగిన నీరు పైకి లేచును, చల్లారినది క్రిందికి దిగును. అదియే దాని ప్రసరణము. అయితే నీటిమట్టము పైగొట్టము కంటె దిగిపోయినచో ప్రసరణము నిలిచిపోవును. తరువాత పంపు, థర్మోస్టాటు, ఒత్తిడి మూత వచ్చినవి.

ఇక నెల్లూరు తీరమునకు వత్తము. చెన్నపట్టణము నుండి కలకత్తాకు పోవు గ్రేట్ నార్తరన్ ట్రంకు రోడ్డు ఈ సీమగుండ పోవుచున్నది. దానికి తూర్పున బకింగ్‌హామ్ కాలువ, ఉప్పుటేరులు, ఇసకపల్లి ఉప్పుమళ్లు, అవి దాటిన సముద్రము. మేనెల వడగాలిలో బండి పొగలు క్రక్కి ఆగిన డ్రైవరుకు కనుచూపుమేర నీరే. అందులో రేడియేటరులో పోయదగినది అరుదు.

ఈ సంగతి మేము కొంత నష్టపడి నేర్చుకొంటిమి. కొన్నియేండ్ల క్రిందట ఒక పాత అంబాసిడరులో మైపాడు తీరమునకు పోయి, ఏప్రిల్ నెల మధ్యాహ్నము తిరిగి వచ్చుచుంటిమి. సముద్రపు గాలి వెనుకనుండి వీచుచుండెను. ప్రయాణికులకు అది హాయి. ఎదురుగాలి కరవైన రేడియేటరుకు కాదు. ఇసుక పేరుకొన్న బాటపై బండి మెల్లగా, బరువుగా నడిచి, బానెట్టునుండి ఆవిరి ఎగజిమ్మి ఆగినది. మాలో ఒకరు తొందరపడి మూత తిప్పిరి. చదరపు అంగుళమునకు ఏడు పౌనుల ఒత్తిడిలో నీరు సుమారు 111 డిగ్రీల వరకు మరుగక నిలుచును. మూత వదలగనే ఒక్కసారిగా మరిగి చిమ్మును. ముంజేయి కాలినది. ఆ మచ్చ నేటికిని ఉన్నది.

అరగంట ఆగి, దగ్గరలోని ఒక ఇంటివారిని నీరడిగితిమి. బావినీరు తోడి ఇచ్చుచు ఆ ఇంటి పెద్దమ్మ, “ఉప్పునీళ్లు నాయనా, తాగేదానికి పనికిరావు” అన్నది. బండికి రుచి ఏమి తెలియునని మేము నవ్వితిమి. ఇల్లు చేరితిమి. మరునాడే ఆ నీరు వదలివేయవలసినది; వదలలేదు. ఆ వేసవియంతయు ఎక్కడ ఆగిన అక్కడి నీరు పోయుచు వచ్చితిమి.

ఇసకపల్లి మళ్లలో జరుగుపనియే రేడియేటరులోను జరుగును. నీరు ఆవిరియగును, ఉప్పు మిగులును. పైగా కఠినజలము కాగినప్పుడు అందలి సున్నము గొట్టముల లోపల పెచ్చుగట్టును. ఆ పెచ్చు వేడిని సరిగా పోనీయదు. బండి ఇంకను వేడెక్కును, ఇంకను నీరడుగును, మనము అదే నీరు పోయుదుము. మందే రోగమైన చోట చికిత్స ఎట్లు సాగును?

మరుసటి వేసవికి బండి రెండుమైళ్లకే మరుగసాగెను. ఒక మెకానిక్కు ఫ్యాన్ బెల్టు మార్చెను, మరియొకడు థర్మోస్టాటును ఊడదీసి పారవేసెను. (మన ప్రాంతమున ఇది సర్వరోగ నివారిణి. నిజమునకు దానిని వేడినీటిలో ముంచి, ఎనుబది డిగ్రీలు దాటిన తరువాత తెరుచుకొనుచున్నదో లేదో చూచిన చాలును.) పెట్రోలు పంపుపై తడిగుడ్డ కప్పుమని ఒకరు చెప్పిరి, అది పంపులో పెట్రోలు ఆవిరియై అడ్డుపడినప్పటి ఉపాయము, ఈ జబ్బునకు కాదు.

తుదకు ఒక వృద్ధ మెకానిక్కు రేడియేటరును దింపి, పైగొట్టమున కాక క్రిందిగొట్టమున నీరు ఎక్కించెను. ఎఱ్ఱని త్రుప్పుబురద, తెల్లని పెచ్చులు వెలువడినవి. పిదప ఇంజను ప్రక్కనున్న మర విప్పెను. ఒక్క చుక్క రాలేదు. మడ్డి అచట గట్టిపడియుండెను. కడ్డీతో పొడిచి, బట్టలసోడా కలిపిన నీరు పోసి, ఇంజనును కాసేపు నడిపి, రెండుమూడుసార్లు కడిగెను. అంబాసిడరు ఇంజనుకు తల, మొండెము రెండును పోతయినుమువి గనుక సోడా చెల్లినది. ఈ ప్రసంగము వినువారిలో పాత ఫియట్ 1100 గలవారు ఆ పని చేయరాదు. దాని తల అల్యూమినియము, సోడా దానిని తినివేయును.

ఇంత చేసియు వేడి తగ్గనియెడల ఇగ్నిషను ఆలస్యమగుచున్నదేమో, బ్రేకులు పట్టుకొనుచున్నవేమో చూడవలెను. రేడియేటరులో ఎడతెగక బుడగలు వచ్చుచున్నచో తలక్రింది గాస్కెట్టు పోయినదని అనుమానింపవచ్చును. మా బండికి అంతవరకు రాలేదు.

1957లో మొదలైన అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. మా బండి నడచుచునే యున్నది. త్రుప్పును ఆపు ద్రవమును శుద్ధజలముతో కలిపి పోయుచున్నాము. డిక్కీలో ఐదు లీటర్ల డబ్బా ఒకటి ఉండును. అందులోనిది కార్తికమాసపు వాననాడు మా డాబాపై పట్టిన నీరు. మైపాడు పోయినప్పుడెల్ల ఆ పెద్దమ్మ ఇంటిముందు ఆగుదుము, మంచినీరు ఆమెయే మమ్ము అడుగును.