నగరసభలో మూడు నిమిషాలు

కాలిఫోర్నియా నగరాల కౌన్సిల్ సమావేశాలకు కొత్తగా వెళ్ళే తెలుగువారిని విస్మయపరిచేది సభ్యుల మౌనం. పౌరుడు మైకు ముందు నిలిచి, సాధారణంగా రెండు మూడు నిమిషాలకు మించని గడువులో మొర వినిపించుకుంటాడు. అతడు చెప్పిన విషయం ఆనాటి ఎజెండాలో, అంటే ముందుగా ప్రకటించిన చర్చనీయాంశాల పట్టికలో లేకపోతే, దానిపై చర్చించడానికి గాని నిర్ణయం తీసుకోవడానికి గాని సభ్యులకు అధికారం లేదు. అహంకారమనిపించే ఈ మౌనం నిజానికి చాటుమాటు పాలనపై పుట్టిన అనుమానపు ఫలం. స్థానిక సంస్థల రహస్య సమావేశాల గురించి శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికలో మైకేల్ హారిస్ 1952లో వరుస కథనాలు రాయగా, మరుసటి ఏడు బ్రౌన్ చట్టం వచ్చింది. సాధారణ సమావేశపు ఎజెండాను 72 గంటల ముందే అందరికీ కనిపించేలా అంటించాలని ఆ చట్టం నేడు నిర్దేశిస్తోంది. ప్రకటించని విషయం చర్చకు వస్తే, దానితో నష్టపోయే మరొకరు ఏమీ తెలియక ఇంట్లోనే ఉండిపోతారు కదా.

రచ్చబండకు ఈ జాగ్రత్త తెలియదు. అక్కడ గడియారం లేదు, జవాబు అప్పటికప్పుడే దొరికేది, తగవు మధ్యలో పాత తగవులు మూడు లేచేవి. అయితే ఎవరు అరుగుమీద కూర్చోవాలో, ఎవరు దూరంగా నిలబడాలో కులమే నిర్ణయించేది. నగరసభలో శ్రోతగా కూర్చోవడానికి పేరైనా చెప్పనక్కరలేదన్న నియమం విలువ ఆ అరుగును ఎరిగినవారికే బాగా అర్థమవుతుంది, అక్కడి కబుర్ల రుచి మాత్రం ఇక్కడ దొరకదు.

వినిపించుకోవడం ఎప్పుడు హక్కవుతుందన్న ప్రశ్నకు డెన్వర్ నగరపు రెండు వ్యాజ్యాలు ఆధారం. వీధి బాగుచేసిన ఖర్చును దాన్ని ఆనుకున్న స్థలాల యజమానులపై వంతులుగా వేసినపుడు, వారికి నోటిమాటగా వాదించుకునే అవకాశమివ్వాలని అమెరికా సుప్రీంకోర్టు 1908లో తేల్చింది. నగరంలోని ఆస్తులన్నిటి విలువను 40 శాతం పెంచినపుడు మాత్రం, అంతమందినీ విడివిడిగా వినడం అసాధ్యమని 1915లో జస్టిస్ హోమ్స్ రాశాడు. అందువల్లనే ఒక్క స్థలానికి అనుమతినిచ్చే విచారణ దాదాపు కోర్టు తీరుగా, ముందస్తు నోటీసుతో, సాక్ష్యాధారాలను నమోదు చేసుకుంటూ సాగుతుంది.

ఇంత పకడ్బందీ ఏర్పాటులోనూ వచ్చి మాట్లాడేవారెవరన్నది కలవరపెట్టే విషయమే: మసాచుసెట్స్ పట్టణాల విచారణలను పరిశీలించిన పండితులు, మాట్లాడేవారిలో వయసు మళ్ళినవారు, సొంతిల్లున్నవారు ఎక్కువని, వారిలో అధికులు కొత్త ఇళ్ళ నిర్మాణాన్ని వ్యతిరేకిస్తారని చూపారు. వలసవచ్చిన తెలుగువారు ఆలయం కట్టదలచినా తరచుగా ఇరుగుపొరుగువారి ఎదుట ఇలాంటి విచారణకే నిలవవలసి వస్తుంది. అక్కడ వారు ధ్వజస్తంభం గురించి కాక, పండుగనాడు ఎన్ని కార్లు వస్తాయో, అవి ఎక్కడ ఆగుతాయో లెక్కలతో చెప్పుకోవాలి.